సోఫా కొనకముందే గదిని కాగితం మీద అతికించి చూసుకోవడం ఎలా? (ఫ్లోరెన్స్ నోల్ పద్ధతి)

కొత్త ఫ్లాట్ తీసుకోగానే ఇంటీరియర్ వాళ్ళు లాప్‌టాప్‌లో ఒక త్రీడీ బొమ్మ చూపిస్తారు కదా, అందులో ఎప్పుడూ ఎండ కిటికీలోంచి ముచ్చటగా పడుతుంటుంది, వైర్లు కనపడవు, చెప్పుల స్టాండ్ ఉండదు, ఇస్త్రీ బట్టల మూట అసలే ఉండదు. చూడ్డానికి బావుంటుంది, ఓకే అనేస్తాం. సోఫా ఇంటికొచ్చాక తెలుస్తుంది బాల్కనీకి పోవాలంటే పక్కకి తిరిగి నడవాలని. దీనికి కంప్యూటర్ అక్కర్లేని మందు ఒకటుంది, డెబ్బై ఎనభై ఏళ్ళ కిందటిది, పేరు పేస్టప్.

దీనికి పేరు తెచ్చినావిడ ఫ్లోరెన్స్ నోల్. 1917లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో పుట్టింది, పన్నెండేళ్ళు వచ్చేసరికే అమ్మానాన్న ఇద్దరూ పోయారు, అక్కడే క్రాన్‌బ్రుక్ అనే విద్యాసంస్థలో చదువుకుంటూ ఆర్కిటెక్ట్ ఎలియల్ సారినెన్ ఇంట్లో మనిషిలా కలిసిపోయింది, తర్వాత చికాగోలో మీస్ వాన్ డెర్ రో దగ్గర ఆర్కిటెక్చర్ చదివింది. 1943లో హాన్స్ నోల్ ఫర్నిచర్ కంపెనీలో చేరి, 1946లో అతన్నే పెళ్ళి చేసుకుంది. 1955లో ఆయన క్యూబాలో కారు యాక్సిడెంట్‌లో పోతే కంపెనీ మొత్తం తనే నడిపింది. అమెరికాలో పెద్దపెద్ద ఆఫీసులు లోపల ఎలా ఉండాలో తేల్చింది ఈవిడ పెట్టిన ప్లానింగ్ యూనిట్టే. డెకరేటర్ అని పిలిస్తే మాత్రం ఒప్పుకునేది కాదు. నాకైతే ఆ పట్టుదల కరెక్టే అనిపిస్తుంది, ఎందుకంటే ఆవిడ చేసింది గదిని అలంకరించడం కాదు, అందులో మనుషులు ఎలా తిరుగుతారో ముందే ఆలోచించడం.

పేస్టప్ అంటే సింపుల్. గది ప్లాను కొలత ప్రకారం చిన్నగా గీసి, సోఫా ఉండే చోట సోఫా ఆకారంలో కత్తిరించిన అసలు సోఫా గుడ్డ, బల్ల ఉండే చోట ఆ చెక్క పలుచటి ముక్క అతికించడం. రంగు, గుడ్డ, సైజు, ఖాళీ జాగా అన్నీ ఒకే కాగితం మీద కనపడతాయి.

కావాల్సినవి: టేపు, స్కేలు, పెన్సిలు, పెద్ద చార్ట్, కత్తెర, ఫెవికాల్, గుడ్డ ముక్కలు.

స్టెప్ 1: ముందు ఇంట్లో వాళ్ళని అడగండి
ప్లానింగ్ యూనిట్ వాళ్ళు బొమ్మ గీసే ముందు ఆఫీసులో ఎవరు ఏం పని చేస్తారు, ఎవరికి ఎవరితో పని పడుతుంది, ఎంత సామాను పెట్టుకోవాలి అని అడిగి రాసుకునేవాళ్ళు. మీరూ అదే చేయండి. అత్తయ్య పేపర్ ఎక్కడ కూర్చుని చదువుతారు, పిల్లాడు హోంవర్క్ డైనింగ్ టేబుల్ మీద చేస్తాడా మంచం మీదా, పండక్కి ఎంతమంది వస్తారు. "ఏ మోడల్ సోఫా కావాలి" అని మాత్రం ఇప్పుడే అడక్కండి, అడిగితే ఇక ఆ చర్చ తెగదు.

స్టెప్ 2: కొలవండి
బిల్డర్ బ్రోచర్‌లో ఉన్న కొలతల్ని నమ్మకుండా మీరే టేపు పట్టండి. గోడలతో పాటు తలుపు వెడల్పు, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, స్విచ్ బోర్డులు, ఏసీ పాయింట్ అన్నీ రాసుకోండి. పిల్లర్ గోడలోంచి ముందుకు పొడుచుకొస్తే అది కూడా.

స్టెప్ 3: అడుగుకి అర అంగుళం లెక్కన గీయండి
12 బై 14 అడుగుల గది 6 బై 7 అంగుళాల డబ్బా అవుతుంది. 3 అడుగుల తలుపు ఒకటిన్నర అంగుళం. తలుపు తెరుచుకునే దారి పావు చక్రంలా గీయండి, బీరువా తలుపులకి కూడా, చాలామంది మర్చిపోయేది ఆ బీరువా తలుపులే, తర్వాత మంచానికి కొట్టుకుంటుంటాయి. ఓపిక ఉంటే నాలుగు గోడల్నీ విడివిడిగా పట్టీల్లా గీసుకోండి, 10 అడుగుల ఎత్తు గోడ 5 అంగుళాలు అవుతుంది, కర్టెను ఏ రంగైతే బావుంటుందో అక్కడ తెలుస్తుంది.

స్టెప్ 4: ముక్కలు పోగు చేయండి
సోఫా షాపులో కవర్ క్లాత్ శాంపిల్ బుక్ ఉంటుంది, చిన్న ముక్క అడగండి, ఇవ్వకపోతే మ్యాచింగ్ సెంటర్‌కి పోయి అదే రంగు, అదే మందం ఉన్న బ్లౌజ్ పీస్ కొంచెం కత్తిరించుకు రండి. గోడకి పెయింట్ షాపు షేడ్ కార్డు. చెక్కకి లామినేట్ శాంపిల్, దాన్ని కత్తెర కోయదు కాబట్టి కార్పెంటర్‌ని అడిగి కోయించుకోవాలి, లేదంటే వెనీర్, అంటే కాగితంలా పలుచటి చెక్క పొర, దొరికితే ఇంకా నయం. టైల్‌ని ఎలాగూ కోయలేం, ఆ రంగు కాగితమే నేలంతా పరవండి.

గుడ్డ విషయంలో ఫ్లోరెన్స్‌కి మొహమాటం లేదు. మొదట్లో తనకి కావాల్సిన ఫర్నిచర్ బట్ట బజార్లో దొరక్కపోతే మగాళ్ళ సూట్ల బట్ట తెచ్చి కుర్చీలకి వాడింది, 1947కల్లా కంపెనీలో బట్టలకి ఒక విభాగమే వచ్చింది.

ఒక్క జాగ్రత్త, పెద్దపెద్ద పువ్వుల ప్రింటు అయితే ఈ పద్ధతి మోసం చేస్తుంది, సోఫా మొత్తం మూడున్నర అంగుళాల ముక్క కాబట్టి అందులో సగం పువ్వే పడుతుంది. ప్లెయిన్, సన్న గీతలు, చిన్న నేతలకి మాత్రం బాగా పనికొస్తుంది.

స్టెప్ 5: కత్తిరించండి
గుడ్డని నేరుగా కోస్తే అంచుల్లో పోగులు ఊడతాయి. ముందు కాగితానికి ఫెవికాల్‌తో అతికించి, ఆరాక కోయండి. 7 బై 3 అడుగుల సోఫా మూడున్నర బై ఒకటిన్నర అంగుళాలు, 5 బై 3 డైనింగ్ టేబుల్ రెండున్నర బై ఒకటిన్నర, 5 బై ఆరున్నర మంచం రెండున్నర బై మూడుంపావు.

స్టెప్ 6: అతికించకుండా జరుపుతూ చూడండి
అసలు పని ఇక్కడే, ఎంతసేపైనా పట్టనివ్వండి. ఒకటిన్నర అంగుళం వెడల్పు కాగితం పట్టీ ఒకటి కోసుకోండి, అది 3 అడుగుల దారి అన్నమాట. ఆ పట్టీని తలుపు నుంచి కిచెన్‌కి, అక్కడ్నుంచి బాల్కనీకి జరపండి, ఎక్కడ ఇరుక్కుంటే రేపు మీరూ అక్కడే ఇరుక్కుంటారు. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య ముప్పావు అంగుళం, అంటే అడుగున్నర, వదిలితే కాళ్ళు పడతాయి.

ఫ్లోరెన్స్ చేసిన ఒక మార్పు మనకీ పనికొస్తుంది. అప్పట్లో పెద్ద ఆఫీసర్ల గదుల్లో భారీ డెస్కుని మూలకి ఏటవాలుగా వేసేవాళ్ళు, హోదా అన్నమాట. ఈవిడ దాన్ని తీసేసి గోడకి సమాంతరంగా మామూలు బల్లలాంటి డెస్క్ వేసి, ఫైళ్ళూ సామానూ అంతా వెనక గోడ పొడుగునా తక్కువ ఎత్తు క్యాబినెట్‌లోకి తోసేసింది, గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. మీ కాగితం మీద కూడా దాచుకునే సామానంతా ఒక గోడకి నెట్టి, మధ్యలో ఏం మిగిలిందో చూడండి.

ఇంకోటి, అన్ని వస్తువులూ నన్ను చూడు అనేట్టు ఉండకూడదు. ఎలియల్ కొడుకు, డిజైనర్ ఈరో సారినెన్‌తో దిండ్ల బుట్టలో ముడుచుకు కూర్చున్నట్టుండే కుర్చీ కావాలని అడిగి వూంబ్ చెయిర్ చేయించింది ఈవిడే, శిల్పి హ్యారీ బెర్టోయా చేసిన తీగల కుర్చీలు వచ్చిందీ ఈ కంపెనీ నుంచే. గదిలో హీరోలు వాళ్ళ కుర్చీలు, తన సోఫాలూ బల్లలూ రోజూ ఉండే పప్పన్నం లాంటివి. మీరూ ఒక్క హీరో ముక్క పెట్టుకుని మిగతావి సాదాగా ఉంచి చూడండి, రెండో హీరో రాగానే కాగితం మీదే గొడవ కనపడుతుంది. ఫాల్స్ సీలింగ్‌కి నాలుగు రంగుల లైట్లు పెట్టించేవాళ్ళకి ఈ మాట నచ్చదనుకోండి.

కుదిరిన ప్రతి అమరికనీ ఫోన్లో ఫోటో తీసుకోండి, లేదంటే మళ్ళీ గుర్తుండదు.

స్టెప్ 7: వెలుతురు మార్చి చూడండి
ఆ చార్ట్‌ని అదే గదిలోకి తీసుకెళ్ళి పొద్దున కిటికీ దగ్గర, రాత్రి మీరు వాడబోయే బల్బు కింద చూడండి. పసుపు ఎల్ఈడీ కింద బూడిద రంగు సోఫా గోధుమ రంగులోకి తిరిగే ఛాన్స్ ఉంది.

స్టెప్ 8: ఇప్పుడు అతికించండి
ప్రతి ముక్క పక్కన అసలు కొలత, షేడ్ నంబర్, షాపులో క్లాత్ కోడ్ రాయండి. కలర్ జిరాక్స్ తీయించి ఒకటి కార్పెంటర్‌కి, ఒకటి పెయింటర్‌కి ఇచ్చి, గుడ్డ ముక్కలున్న ఒరిజినల్ మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి, షాపుకి పోయినప్పుడు అసలు బట్ట పక్కన పెట్టి చూసుకోవడానికి అదే కావాలి.