బాణం పుల్లకు వెదురు ఎలా ఎంచుకోవాలి?

పదునైన కత్తి, కొలతకు టేపు, కాసిని నిప్పులు చాలు.

మన గోదావరి లంకల్లో రెల్లుకు కొదవ లేదు. శరం అంటే బాణమే కాదు, రెల్లు కూడా. అయినా నేను ముట్టను. లోపలంతా బెండు, పిల్లల విల్లుకైతే సరే. సముద్రం పక్క ఊళ్లలో సరుగుడు కొమ్మలు నరికి తెస్తారు. బరువు, పైగా ఎండితే పగుళ్లు. కొబ్బరి ఈనెల గురించి అడగనే వద్దు. వెదురే.

పందిళ్లకు అమ్మే బొంగులు లావు, పనికిరావు. పొద ఉన్నవాళ్లని అడిగి పెన్సిల్ కన్నా కాస్త లావున్నవి 36 అంగుళాల చొప్పున కోసుకోండి.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. చూపు తిన్నగా, నున్నగా, పచ్చగా ఉన్నదాని మీదకే పోతుంది. అది ఈ ఏడు మొలిచిన లేత వెదురు. మొదట్లో అలాంటివే 20 తెచ్చి అటకెక్కించాను. రెండు నెలలకి దించితే ఎండు బెండకాయల్లా గాడులు పడి ఉన్నాయి. కణుపుకి పొర అంటుకుని, ఒంటి మీద తెల్లటి బూడిద ఉంటే వదిలేయండి. రంగు మాసి, మచ్చలు తేలి, కత్తి వెనకవైపుతో కొడితే ఖంగుమనేది ముదురు. అది వంకరగా ఉన్నా తెచ్చుకోండి. ఎండాక నిప్పుల సెగ చూపించి, వేడి మీదే నెమ్మదిగా వంచితే తిన్నగా అవుతుంది.

కోయడం కార్తీకం దాటాకే. వానల్లో కోస్తే పుచ్చిపోతుంది. అమావాస్యకే కోయాలంటారు మా పెద్దలు. నాకు ఆదివారమే కుదురుతుంది. కట్ట కట్టి నీడలో రెండు నెలలు ఆరబెట్టండి. ఎండలో పెడితే చీలుతుంది.

ఆరాక 26 అంగుళాల ఎడంతో రెండు ఆనుల మీద పుల్లను పెట్టి, మధ్యలో 2 పౌండ్లు వేలాడదీయండి. బాటిల్‌లో 880 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే ఇంచుమించు అంతే బరువు. లాగడానికి 40 పౌండ్ల బలం పట్టే విల్లుకైతే దాదాపు 16.5 మిల్లీమీటర్లు వంగాలి. అన్నీ ఒకేలా వంగకపోతే ఒక్కో బాణం ఒక్కో దిక్కుకి పోతుంది.

ఎక్కుపెట్టే ముందు ప్రతిసారీ, మొహానికి ఎడంగా పట్టుకుని పుల్లను కొద్దిగా వంచి చూడండి. చిటచిటమంటే విరిచి పొయ్యిలో పెట్టేయండి. పగిలిన పుల్ల వదిలేటప్పుడు విరిగితే, దిగేది విల్లు పట్టుకున్న చేతిలోకే.