ఇంట్లో పెద్ద పిల్లి ఉండగా కూనను తెచ్చారా? ఎక్కడ తేడా కొడుతుందో చూడండి

మాది కావలి. మా పిల్లి మల్లికి ఆరేళ్ళు. పోయిన వానల్లో చేపల మార్కెట్ పక్కన తడిసి వణుకుతున్న కూనను మా అబ్బాయి చొక్కాలో పెట్టుకొని తెచ్చి, వచ్చీ రాగానే మల్లి ముందర దించాడు. మల్లి బుస్సుమని అటకెక్కింది, మర్నాటి సాయంత్రం దాకా దిగలేదు. ఆ ఒక్క నిమిషాన్ని సరిదిద్దుకోవడానికి మాకు నెలన్నర పట్టింది. మీకు అంత పట్టకూడదని రాస్తున్నా.

సమస్య: కూనను చూస్తే చాలు బుస, గుర్రు, తోక ఉబ్బించడం

దీన్ని అందరూ అసూయ అంటారు, కాదు. పిల్లికి ఇల్లంటే వాసన. తలుపులకీ కుర్చీకాళ్ళకీ బుగ్గలు రుద్ది అది తన వాసన పూసుకున్న చోటికి తెలియని వాసన ఒకటి నడిచొస్తే భయం వేస్తుంది, ఆ భయమే బుస. కాబట్టి బుస కొట్టినందుకు తిట్టకండి, కొట్టకండి, అలా చేస్తే కూన వచ్చాకే దెబ్బలు మొదలయ్యాయని దాని మనసులో పడిపోతుంది.

కూనను వేరే గదిలో పెట్టండి, కనీసం 10 నుంచి 14 రోజులు. ఎండాకాలమైతే రేకుల గది వద్దు, మన ఎండలకి చిన్న ప్రాణం తట్టుకోలేదు. ఇన్ని రోజులు ఎందుకంటే వాసన అలవాటుకి మాత్రమే కాదు, పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల వైరస్ జబ్బు కూనలో ఉంటే ఈలోపే వాంతులు, విరేచనాలతో బయటపడుతుంది. ఒక పాత చీరముక్కతో కూన బుగ్గలు తుడిచి పెద్దదాని గిన్నె దగ్గర వేయండి, పెద్దదాన్ని తుడిచిన ముక్క కూన గదిలో వేయండి. మూసిన తలుపుకి చెరోవైపు అన్నం పెట్టండి. బుస కొట్టకుండా తింటున్నాయంటే రోజురోజుకీ గిన్నెలు తలుపు దగ్గరికి జరపండి. ఆ తర్వాతే కళ్ళకి కనపడనివ్వాలి, దానికి మనిళ్ళల్లో దోమల మెష్ తలుపును మించింది లేదు. చివరగా ఒకే గదిలో ఐదు నిమిషాలు, పక్కన మీరుండి. అంతా బాగున్నప్పుడే ఆపేయండి.

సమస్య: పెద్దది పరుపు మీద, మూలల్లో ఒంటికి పోస్తోంది

ఇసుక ట్రే ఒక్కటే పెట్టి ఉంటారు. రెండు పిల్లులకి మూడు ట్రేలు, అవి కూడా వేర్వేరు చోట్ల ఉండాలి, లేకపోతే ఒకటి దారికి అడ్డం కూర్చుంటే రెండోది వెళ్ళదు. పోసిన చోట ఫినాయిల్ మాత్రం వాడొద్దు. అందులోని మందు పిల్లులకి విషం, పాదాలకి అంటినది నాకేస్తాయి. సబ్బునీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని చుక్క కూడా రాక అరుస్తుంటే అది అలక కాదు, దారి మూసుకుపోయి ఉంటుంది, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. పశువుల ఆసుపత్రిలో గేదెల మధ్య పిల్లిబుట్ట పట్టుకుని కూర్చోవడానికి మొహమాటపడకండి.

సమస్య: పెద్దది తిండి మానేసింది

టెన్షన్‌తో ఒక పూట మానేస్తే పరవాలేదు. పైన ఎక్కడైనా, కూన ఎక్కలేని చోట గిన్నె పెట్టండి. మల్లికి ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన నెత్తళ్ళు పెడితే దిగొచ్చింది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కి చూపించండి, తిండి లేకపోతే పిల్లికి కాలేయంలో కొవ్వు చేరి జబ్బు ముదురుతుంది. జ్వరంలా ఉందని పారాసెటమాల్ వేశారంటే మాత్రం చంపుకున్నట్టే, ఒక్క బిళ్ళ చాలు.

సమస్య: కూన రోజంతా పెద్దదాని మీద దూకుతోంది

పగ కాదు, ఆటపిచ్చి. తాడుకి గుడ్డ కట్టి రోజుకి రెండు మూడుసార్లు అలిసేదాకా ఆడించి, అప్పుడు కలపండి. పెద్దది ఒక దెబ్బ వేసి హద్దు నేర్పితే మధ్యలో వెళ్ళకండి, కూన కేకలు పెడితేనో నెత్తురు వస్తేనో వెళ్ళాలి.

సమస్య: నిజంగానే కలబడ్డాయి

చెయ్యి పెట్టొద్దు. మధ్యలో దిండు గానీ అట్టముక్క గానీ అడ్డం పెట్టి విడదీసి, చెరో గదిలో వేసి, మళ్ళీ వాసన దగ్గర నుంచే మొదలుపెట్టండి. మీకు గాటు పడితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకి వెంటనే వెళ్ళండి.

ఇంకొకటి, అంతా సర్దుకున్నాక కూడా చెడిపోయేది ఇక్కడే: కూన మగదైతే ఆరు నెలలు వచ్చేసరికి గోడలకి మూత్రం చిమ్మడం మొదలుపెడుతుంది, పెద్దదానికి మళ్ళీ భయం పట్టుకుంటుంది. టీకాలకి వెళ్ళినప్పుడే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడు చేస్తారో అడిగి తేదీ రాయించుకోండి.