బ్రేక్ పెడల్ లోతుకు పోతుంటే ఏం చేశానంటే

మా కారు ముందు చక్రాలకు 48 ఎంఎం పిస్టన్ కాలిపర్లు (బ్రేక్ డిస్క్‌ను నొక్కి పట్టేవి) తీసి 54 ఎంఎంవి వేయించాను. సింహాచలం కొండ దిగుతుంటే పెడల్ సగం పైనే లోపలికి పోయింది. గుండె ఝల్లుమంది! బ్రేక్ ఆయిల్‌లోంచి రెండుసార్లు గాలి తీయించినా అంతే. పిస్టన్ వైశాల్యం 27 శాతం పెరిగింది మరి. అంత ఆయిల్ నెట్టాలంటే పెడల్ నొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్, అదే పాత 19.05 ఎంఎంది, దాని పిస్టన్ ఎక్కువ దూరం కదలాల్సిందే.

గాజువాక ఆటోనగర్‌లో 22.2 ఎంఎం మాస్టర్ సిలిండర్ వేయించాను. పెడల్ పైనే ఆగింది, కానీ మరీ గట్టి. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) పెరిగితే అదే కాలి బలానికి ప్రెషర్ తగ్గుతుంది, ఇక్కడ సుమారు 26 శాతం. పెద్ద కాలిపర్ల లాభమంతా అక్కడే పోయింది. పైగా ఈ కారు అమ్మ కూడా నడుపుతుంది.

చివరికి 20.6. పాతదాని కంటే వైశాల్యం 17 శాతమే ఎక్కువ. వెనక బ్రేకులు మార్చలేదు కాబట్టి సరిపోయింది. మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టే పుష్‌రాడ్‌కు కాస్త ఖాళీ ఉంచడం మరవకండి, లేకపోతే బ్రేకులు పట్టేస్తాయి. మొన్న అదే కొండ దిగాను, అమ్మే నడిపింది.