మార్గిట్ దగ్గర నా పొరపాటు కర్రది కాదు, కవచానిది

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో స్టార్మ్‌వెయిల్ కోట ముందు కాపలా కాసే మార్గిట్ అనే బాస్ చేతిలో వారం రోజులు చచ్చాను. వాడు కర్ర ఎత్తుతాడు, గాల్లోనే ఆపుతాడు, నేను తప్పించుకోవాలని కంగారులో ముందే దొర్లుతాను, అప్పుడు దెబ్బ పడుతుంది. తప్పంతా నా వేళ్లదే అనుకున్నాను.

చివరికి స్టేటస్ స్క్రీన్ తెరిచి చూస్తే అసలు సంగతి తెలిసింది. నా పాత్ర మోస్తున్న బరువు, మోయగల దానిలో డెబ్బై శాతం దాటింది. అది దాటితే దొర్లడం బస్తా దొర్లినట్టే ఉంటుంది. అందం కోసం వేసుకున్న ఇనుప చొక్కా తీసేశాను. చూడటానికి నా పాత్ర బికారిలా ఉన్నాడు గానీ, ప్రాణం నిలబడింది.

రెండోది కత్తి. నా జ్వైహాండర్‌కి బలం 19 కావాలి, నాకు 13 ఉంది. అవసరమైనంత బలం లేకపోతే దెబ్బ నీరుగారిపోతుంది. రెండు చేతులతో పట్టుకుంటే బలాన్ని ఒకటిన్నర రెట్లుగా లెక్కేస్తుంది ఆట, అంటే నాకు సరిపోతుంది! ఈ లెక్క ముందే తెలిసుంటే ఎన్ని రూన్లు (లెవెల్ పెంచడానికి ఖర్చు చేసేవి) మిగిలేవో. డాలు వీపున వేసుకున్నాను.

తర్వాత లిమ్‌గ్రేవ్ గనిలో ఆయుధాన్ని మెరుగుపరిచే స్మితింగ్ రాళ్లు ఏరి, ఎల్లే చర్చిలో కత్తిని మూడో మెట్టుకి తెచ్చాను. మొత్తం 12 రాళ్లు. లెవెల్ పెంచడం కంటే ఇదే ఎక్కువ తేడా చూపించింది.

ఇక కర్ర కిందికి దిగడం మొదలయ్యాకే దొర్లాను. నాలుగో ప్రయత్నంలో పడ్డాడు.