డక్టులు వేసినా బ్రేకులు ఉడికిపోతున్నాయా? గొట్టం సంగతి తర్వాత, ముందు డిస్క్ తిప్పి చూడండి

"డక్టులు వేశానండీ, అయినా ట్రాక్ మీద నాలుగో ల్యాప్‌కే బ్రేక్ పెడల్ కిందికి పోతోంది." ఈ మాట విన్న ప్రతిసారీ నేను ఎదురు అడిగేది ఒక్కటే: బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. కొందరు కాసేపు నసిగి, "చూడటానికి శుభ్రంగానే ఉంది" అంటారు. రంగు చూసి ఫ్లూయిడ్ బాగుందో లేదో చెప్పగలిగితే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

డక్ట్ అంటే బంపర్ నుంచి బ్రేక్ డిస్క్‌కి చల్లగాలి తెచ్చే గొట్టం. అది ఏం చేస్తుందో, ఏం చేయదో ముందు ఒక లెక్కలో చూద్దాం. 1200 కిలోల కారు 180 కిలోమీటర్ల వేగం నుంచి 80కి ఒక్క మలుపు ముందు దిగిందనుకోండి. ఆ కొద్ది సెకన్లలో పోవాల్సిన శక్తి దాదాపు 1.2 మెగాజౌళ్లు. మామూలు చన్నీళ్లు మూడున్నర లీటర్లు మరిగించడానికి సరిపోయే వేడి అది. అందులో పెద్ద వాటా ముందు రెండు డిస్కుల మీదే పడుతుంది. డక్ట్ ఈ వేడిని పుట్టకుండా ఆపదు. ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య దాన్ని త్వరగా బయటికి తోలడమే దాని పని. ప్యాడ్, ఫ్లూయిడ్ సరైనవి కాకపోతే ఎంత లావు గొట్టం వేసినా దండగే.

చక్రం విప్పడం, బ్లీడ్ చేయడం (పాత ఫ్లూయిడ్‌నీ బుడగల్నీ బయటికి తీయడం), కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం) తీసి పెట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

పెడల్ మెత్తబడి, నొక్కేకొద్దీ కిందికి జారుతోంది

ఫ్లూయిడ్ మరిగింది. ద్రవం నొక్కుడుకి కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. మీ పాదం బలమంతా ఆ బుడగలు మింగేస్తున్నాయి.

బ్రేక్ ఫ్లూయిడ్లకి డాట్ పేరుతో గ్రేడులుంటాయి. డాట్ 4 ఫ్లూయిడ్‌కి ప్రమాణం ప్రకారం కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక 155. డాట్ 5.1కి 260, 180. డాట్ 3 అయితే 205, 140. ఈ ఫ్లూయిడ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి కాబట్టి, రెండేళ్లుగా ఫ్లూయిడ్ మార్చకపోతే డబ్బా మీద రాసిన మొదటి అంకెను నమ్ముకోకండి. ట్రాక్ కోసమే తయారు చేసినవి కొత్తగా ఉన్నప్పుడు 300 దాటినా తట్టుకుంటాయి, కానీ అవీ తేమ పీలుస్తాయి. పరిష్కారం: ట్రాక్‌కి వెళ్లే ముందు కొత్త ఫ్లూయిడ్ పోసి నాలుగు చక్రాలూ బ్లీడ్ చేయండి. ఒకసారి మరిగించారంటే మళ్లీ బ్లీడ్ చేయాల్సిందే. అన్నట్టు 5.1కీ 5కీ పేరులో తప్ప పోలిక లేదు. డాట్ 5 సిలికోన్ జాతి, మిగతావాటితో కలపకూడదు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. మొదటి నొక్కుడు మాత్రమే లోతుకి పోయి, వెంటనే రెండోసారి నొక్కితే గట్టిగా ఉంటే, అదీ బ్రేకులు చల్లగా ఉన్నప్పుడు కూడా జరుగుతుంటే, అది మరగడం కాదు. చక్రం బేరింగ్‌లో ఆట ఉండి, మలుపుల్లో డిస్క్ ఊగి, ప్యాడ్లను పిస్టన్లతో సహా వెనక్కి తోస్తోంది. బేరింగ్ మార్చండి. దానికి డక్టులు తగిలించి ప్రయోజనం లేదు.

పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగట్లేదు

ప్యాడ్ తన హద్దు దాటింది. రోజూ తిరిగే రోడ్డు ప్యాడ్లతో ట్రాక్ మీదికి వచ్చారు, అంతే. ట్రాక్ ప్యాడ్లు వేయండి. మందం కూడా చూడండి: అరిగి పలచబడ్డ ప్యాడ్ వేడిని అడ్డుకోలేదు, నేరుగా పిస్టన్‌కి, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కి అందిస్తుంది. సగం అరిగినవాటిని నేను ట్రాక్‌కి తీసుకెళ్లను, రోడ్డు మీద వాడేసుకుంటాను.

ఒక వైపే ఎక్కువ వేడి

ఆ వైపు డక్ట్ గొట్టం నలిగిందా అని చూడండి. కారు జాక్ మీద ఉన్నప్పుడు, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు చూసి "బాగానే ఉంది" అనేస్తారు అందరూ. కారు బరువు నేల మీద ఉండగా, స్టీరింగ్ ఒక కొస నుంచి ఇంకో కొసకి పూర్తిగా తిప్పించి, పక్కన పడుకుని టార్చి వేసి చూడాలి. టైరు లోపలి అంచు గొట్టాన్ని రాసిందంటే నల్లటి మెరుపు గీత కనిపిస్తుంది. అక్కడ గొట్టాన్ని పక్కకి మళ్లించండి. కుదరకపోతే సన్న గొట్టానికి దిగండి. మూడు అంగుళాల గొట్టం రంధ్రం రెండున్నర అంగుళాల దానికంటే 44 శాతం పెద్దదే. కానీ నలిగిన మూడు అంగుళాల కంటే నలగని రెండున్నర మేలు.

గొట్టం బాగుంటే కాలిపర్ స్లైడ్ పిన్నులు తీసి చూడండి. ఎండిపోయి పట్టేసిన పిన్ను వల్ల ప్యాడ్ వదలదు, ఆ వైపు ఎప్పుడూ మండుతూనే ఉంటుంది.

అన్నీ కొత్తవే, గొట్టం నిండుగా ఉంది, అయినా డిస్క్ బయటి ముఖం మీద పగుళ్లు, బయటి ప్యాడ్ ఏటవాలుగా అరుగుతోంది

ఇక్కడే నా చేతులు కాలాయి. మూడు ట్రాక్ రోజులు పోయాయి.

నా కారుకి డక్టులు వేసి ఒక సీజన్ హాయిగా నడిపాను. డిస్కులు అరిగాయి, కొత్తవి తెచ్చి వేశాను. అదే వ్యాసం, అదే మందం, అదే బోల్టు కొలతలు. తర్వాత వెళ్లిన మొదటి రోజే మూడో సెషన్‌లో పెడల్ జారింది. ఫ్లూయిడ్ మార్చాను. ఆ తర్వాతిసారి మళ్లీ అదే. గొట్టాలు లావువి వేశాను, బంపర్‌లో నోరు వెడల్పు చేశాను. ఏమీ మారలేదు. చివరికి విసుగుతో డిస్కుల అంచుల మీద వేడికి రంగు మారే పెయింట్ పూశాను. సాధారణంగా దొరికే మూడు రంగుల సెట్లో ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. లోపలి పలక మీద ఆకుపచ్చ ఒక్కటే మారింది. బయటి పలక మీద నారింజ కూడా పోయింది. ఒకే డిస్కులో రెండు పలకలకీ అంత తేడా ఎందుకుంది?

పాత డిస్క్‌ని చెత్తలోంచి తీసి కొత్తదాని పక్కన బోర్లించాక అర్థమైంది.

వెంటిలేటెడ్ డిస్క్ అంటే రెండు పలకలు, మధ్యలో రెక్కలు. అది తిరుగుతున్నప్పుడు పంపులా పనిచేస్తుంది. నడిమధ్య నుంచి గాలి పీల్చి, రెక్కల సందుల గుండా బయటి అంచుకి విసురుతుంది. ఆ పీల్చే నోరు ఏ వైపు ఉందన్నదే ప్రశ్న. హబ్‌కి బిగించే గిన్నెలాంటి భాగం, అదే హ్యాట్, బయటి పలకకి అతికి ఉంటే నోరు లోపలి వైపు, అంటే సస్పెన్షన్ వైపు తెరుచుకుంటుంది. ఎక్కువ డిస్కులు ఇలాగే ఉంటాయి, డక్టులన్నీ దీన్ని నమ్ముకునే లోపలి వైపు గాలి తెస్తాయి. కానీ కొన్ని డిస్కుల్లో హ్యాట్ లోపలి పలకకి అతికి ఉంటుంది. అప్పుడు నోరు చక్రం వైపు ఉంటుంది. అది తయారీ లోపం కాదు. హ్యాట్ గోడ పొడవు పెరిగితే వేడికి డిస్క్ గొడుగులా వంగడం తగ్గుతుందని కావాలనే అలా చేస్తారు. డక్ట్ లేని కారుకి అదీ బాగానే పనిచేస్తుంది.

నా కొత్త డిస్కులు ఈ రెండో రకం. నేను అంత శ్రమపడి తెచ్చిన చల్లగాలి మూసి ఉన్న గోడకి కొట్టుకుని పక్కకి పోయింది. పోతూ పోతూ లోపలి పలకను మాత్రం చల్లబరిచింది. డిస్కేమో చక్రం వైపు ఉన్న వేడిగాలినే పీల్చుకుంది. ఒక పలక చల్లగా, ఇంకొకటి మండుతూ ఉంటే డిస్క్ వంగుతుంది, ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది, వేడి పలక పగులుతుంది. లక్షణాలన్నీ ఎదురుగా ఉన్నాయి. నేను మాత్రం గొట్టం వెనకాలే తిరిగాను.

పరీక్ష రెండు నిమిషాల పని. డిస్క్ విప్పి, సస్పెన్షన్ వైపు ముఖం మీకు కనిపించేలా పట్టుకోండి. హ్యాట్‌కీ పలకకీ మధ్య చుట్టూ రెక్కల సందులు కనిపిస్తే సరైన డిస్కే. అక్కడ అతుకులేని ఇనుము కనిపించి, అటు తిప్పితే సందులు కనిపిస్తే, ఆ డిస్క్ మీ డక్టులకి పనికిరాదు. కొనే ముందే ఫొటో అడగండి. పెట్టె మీది కొలతల్లో ఈ సంగతి ఉండదు.

డిస్క్ సరైనదే అయినా ఇదే లక్షణం వస్తుంటే, గాలి నోట్లోకి వెళ్తోందా, ముఖం మీద కొడుతోందా చూడండి. గొట్టం కొసని జిప్ టైతో సస్పెన్షన్ ఆర్మ్‌కి కట్టి, డిస్క్ వైపు తిప్పి వదిలేసిన కార్లు నేను లెక్కలేనన్ని చూశాను. అది కూడా లోపలి పలకనే చల్లబరుస్తుంది, ఫలితం పైన చెప్పిందే. గొట్టం ఒక పళ్లెంలాంటి ప్లేటులోకి రావాలి, ఆ ప్లేటు డిస్క్ నోటిని కప్పాలి. ప్లేటుని స్టీరింగ్‌తో పాటు తిరిగే నకుల్‌కే బిగించాలి, బాడీకి కాదు. లేదంటే చక్రం తిరిగిన ప్రతిసారీ గురి తప్పుతుంది. ప్లేటు అంచుకీ డిస్క్‌కీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు చాలు. మీ వేలు దూరుతుంటే గాలి అక్కడి నుంచే పారిపోతోందని లెక్క.

అంతా బిగించాక చక్రం లేకుండా, ఆకులు ఊదే బ్లోయర్‌ని బంపర్ నోటి దగ్గర పెట్టి ఊదించండి. డిస్క్ బయటి అంచు దగ్గర, రెండు పలకల మధ్య సందు ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకోండి. రెపరెపలాడితే గాలి రెక్కల గుండా వస్తోంది. కాగితం కదలక, ప్లేటు అంచు దగ్గర మీ చేతికి గాలి తగిలితే సందు తగ్గించండి. పరుగులో డిస్క్ తానే గాలి లాగుతుంది కాబట్టి దీంతో గాలి పరిమాణం తెలియదు, దారి తెరిచి ఉందా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది.

వేడి కొలవడానికి పిట్‌లో డిస్క్ మీద గురిపెట్టే గన్ థర్మామీటర్‌ని నమ్మకండి. మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది, పైగా మీరు నెమ్మదిగా పిట్‌కి వచ్చేలోపు అసలు వేడి దిగిపోయి ఉంటుంది. పెయింట్ మాత్రం సెషన్‌లో ఎక్కిన గరిష్ఠ వేడిని పట్టి ఉంచుతుంది. రెండు పలకల అంచులకీ పూయండి, ఒక్కదానికే పూస్తే ఈ తేడా కనిపించదు.

ఇంకా చిన్నాచితకా

బ్రేక్ కొట్టగానే స్టీరింగ్ వణికితే డిస్క్ వంకర పోయిందంటారు. చాలాసార్లు అది ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఎగుడుదిగుడుగా అంటుకోవడమే. ప్యాడ్లు మళ్లీ పద్ధతిగా పట్టించండి. డక్ట్‌కి సంబంధం లేదు.

రెక్కలు వంపుగా ఉన్న డిస్కులు ఎడమ, కుడి మారిపోతే పంపు బలం తగ్గుతుంది. కారు మీద ఉన్నప్పుడు డిస్క్ పై భాగంలో రెక్క బయటి కొస కారు వెనక వైపుకి వాలి ఉండాలి. ముఖం మీద కోసిన గీతల్ని చూసి దిక్కు తేల్చకండి, రెక్కల్నే చూడాలి.

ప్లేటు పెట్టడానికి కంపెనీ ఇచ్చిన డస్ట్ షీల్డ్ (డిస్క్ వెనక ఉండే రేకు) పీకేస్తే బాల్ జాయింట్ రబ్బరు బూట్ నేరుగా డిస్క్ వేడికి ఎదురవుతుంది. అటు వైపు చిన్న రేకు తొడగండి.

డక్ట్ నోరు బంపర్ ముందు భాగంలో, గాలి నేరుగా తగిలే చోట ఉండాలి. ఫాగ్ లైట్ గూడు చాలా కార్లలో సరిపోతుంది. బంపర్ కింది అంచు వెనకాల దాచి పెడితే గాలి లోపలికి రావడానికి కారణమే ఉండదు. నోట్లో ఆకు, ప్లాస్టిక్ కవర్ ఇరుక్కోవడం అరుదు, వంగి చూస్తే తెలిసిపోతుంది. బ్రేకులు మరీ చల్లబడి ప్యాడ్ పట్టకపోవడం చలి రోజునో వాన రోజునో జరుగుతుంది. అప్పుడు నోటికి సగం టేపు వేయండి.