తుపాను నెలల్లో సముద్రం మీద, ఒడ్డు మీద: ఓడల దారి పక్కన బతికేవాళ్లకు జాగ్రత్తలు

2022 మేలో అసని తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి రేవుకు బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది. జనం చూడ్డానికి విరగబడ్డారు. మయన్మార్ వైపు నుంచో థాయిలాండ్ వైపు నుంచో వచ్చి ఉంటుందన్నారు. వచ్చింది రథం కాబట్టి ముచ్చటపడ్డారు. అదే గాలికి, అదే అలల మీద యాసిడ్ పీపా కూడా రావచ్చు, చమురు తెట్టు కూడా రావచ్చు. బంగాళాఖాతంలో ఎవరి నీళ్లు ఎవరివో గాలికి తెలియదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి గడ్డు కాలం. వేట బోటు నడిపే సరంగులు, బోటులో పనిచేసే కలాసీలు, బోటు యజమానులు, ఒడ్డున కాపురం ఉండేవాళ్లు ఈ నెలలు మొదలవక ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తుపాను గురించి అందరూ చెబుతారు. తుపానులో చిక్కిన ఓడ గురించి, అందులోంచి కారే సరుకు గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు హెచ్చరికల సంగతి. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో పుట్టే తుపానుల మీద ఢిల్లీలోని వాతావరణ కేంద్రం మనకొక్కరికే కాదు, మనతో కలిపి 13 దేశాలకు సలహాలు పంపుతుంది. తుపాను పేర్లు ఆ దేశాలు ఇచ్చినవే. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పేరు, మిచౌంగ్ మయన్మార్‌ది, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా థాయిలాండ్‌ది. అలల ఎత్తు, ప్రవాహాల సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాద్‌లో ఉంది. సముద్రం కనబడని ఊళ్లో కూర్చుని వాళ్లు ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలతో కలిసి హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ సమాచారం కూడా పంపుతారు. కాబట్టి పొద్దున్నే ఫోన్‌లో వచ్చే రెండు వరుసల సందేశాన్ని తోసిపారేయకండి. దాని వెనక ఎన్నో దేశాల లెక్కలున్నాయి.

రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్ల దగ్గర మనవాళ్లు తరచూ పొరబడతారు. నంబరు పెరిగిన కొద్దీ గాలి పెరుగుతుందనుకుంటారు. పూర్తిగా అలా కాదు. ఒకటి, రెండు నంబర్లకు అర్థం ముప్పు దూరాన సముద్రంలో ఉందని, రేవు విడిచే ఓడలు చూసుకోవాలని. మూడు, నాలుగు వచ్చేసరికి ముప్పు రేవు దాకా వచ్చినట్టు. అయిదు, ఆరు, ఏడు మూడూ ఒకే మెట్టు. తుపాను రేవుకు ఏ పక్క నుంచి పోతుందన్నదే వాటి మధ్య తేడా. అయిదంటే తుపాను దారికి ఎడమవైపున రేవు ఉంటుంది, ఆరంటే కుడివైపున, ఏడంటే తుపాను రేవు మీదుగానో దగ్గర్లోనో దాటుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అదే వరసలో, ఇంకా తీవ్రమైన తుపానుకు. పడమరకు వచ్చే తుపానుకు కుడి పక్క అంటే మనకు ఉత్తరం. సముద్రాన్ని ఒడ్డు మీదికి తోసే గాలి ఆ పక్కనే ఉంటుంది. అందుకని అయిదు కంటే ఆరుకు ఎక్కువ భయపడాలి. పదకొండు పడితే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఇక ఎవరి తెలివితో వాళ్లు బయటపడాలి.

పెద్ద ఓడలు బయటికి, చిన్న బోట్లు లోపలికి

తుపాను ముదురుతోందంటే రేవు అధికారులు పెద్ద ఓడలను బయటికి పంపేస్తారు. జెట్టీకి కట్టి ఉంచితే ఓడా పగులుతుంది, జెట్టీ కూడా పగులుతుంది, అందుకని లోతు సముద్రంలోకి పొమ్మంటారు. సరిగ్గా ఆ గంటల్లోనే మన బోట్లు ఇంటికి తిరుగుతాయి. ఇరుకు దారి ఒకటే, వాన జల్లు, చీకటి. ఈ సమయాన్ని మించిన ప్రమాదం నాకు కనబడదు.

22 కిలోమీటర్ల వేగంతో, అంటే 12 నాట్లతో, వచ్చే ఓడ ఇంజిను ఆపినా కిలోమీటర్ల కొద్దీ ముందుకు జారుతూనే ఉంటుంది. ఓడ ముక్కు ముందు 500 మీటర్ల దాకా నీళ్లు పై నుంచి కనబడకపోయినా అంతర్జాతీయ నియమం ఒప్పుకుంటుంది. అంటే మీకు ఓడ కొండంత కనబడుతున్నప్పుడు ఓడలో ఉన్నవాడికి మీరు అసలే కనబడకపోవచ్చు. కాబట్టి ముక్కు ముందు నుంచి దాటకండి. ఆగి, వెనక నుంచి వెళ్లండి. ఓడల కాలువలో అడ్డంగా వల వేయడం మామూలు రోజుల్లోనే తప్పు, హెచ్చరిక ఉన్నరోజు ప్రాణం మీదికి తెస్తుంది. తెల్ల దీపం ఒకటి, బ్యాటరీ నిండుగా ఉన్న టార్చి ఒకటి, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు 16వ చానల్ మీద. ఇవి లేకుండా రాత్రి వేట వద్దు. ఆపద సందేశం పంపే డాట్ పరికరం ఉంటే బ్యాటరీ చూసి, దాన్ని ఎలా నొక్కాలో బోటులో చిన్నవాడైన కలాసీకి కూడా నేర్పండి. సరంగే నీళ్లలో పడితే నొక్కాల్సింది వాడే. కొత్త తరం డాట్‌లో మీ సందేశం అందిందని తిరుగు జవాబు కూడా వస్తుంది.

లంగరు వేసిన ఓడ పక్కన చాటు ఉంటుందని ఆగేవాళ్లున్నారు. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు 'ఎంవీ మా' అనే బంగ్లాదేశ్ ఓడ విశాఖలో తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. అందులోని 15 మందీ క్షేమంగా బయటపడ్డారు. జనం సెల్ఫీలకు ఎగబడుతుంటే, తెలిసినవాళ్ల చూపంతా దాని ట్యాంకుల్లోని ఇంధనం మీదే ఉంది. అంత ఓడకే లంగరు ఆగకపోతే దాని పక్కన మన బోటు ఏపాటిది? గాలి మీ వైపు తోసే దిక్కున ఏ ఓడ ఉన్నా అక్కడ ఆగొద్దు.

గాలికి పక్క దేశపు నీళ్లలోకి పోవడం ఇంకో కష్టం. 2018 చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌లో చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరికి గానీ ఇల్లు చేరలేదు. గుర్తింపు కార్డు, బోటు రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్సులు ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. ఇంజిను ఆగిన క్షణం నుంచి ఎక్కడ ఉన్నారో గంట గంటకూ జీపీఎస్ చూసి పుస్తకంలో రాయండి. గాలే తోసిందని చెప్పుకోవడానికి మీ దగ్గర ఉండే సాక్ష్యం అదొక్కటే.

బోట్లు కట్టేసిన తర్వాత

హార్బరులో బోటు కట్టేశాక డీజిల్ డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు దింపి ఒడ్డున పెట్టండి. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో నిప్పంటుకుని ఒక్క రాత్రిలో దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. బోటు అడుగున చేరిన నూనె నీళ్లను, వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను సముద్రంలో పారబోయకండి, డబ్బాలో పట్టి ఒడ్డుకు తెండి. పెద్ద ఓడ వదిలే నీళ్లలో పది లక్షల పాళ్లకు 15 పాళ్లు మించి నూనె ఉండకూడదని అంతర్జాతీయ ఒప్పందం. మన డబ్బా చిన్నదే గానీ, హార్బరులో వందల బోట్లున్నాయి, రొయ్య పిల్ల పెరిగేదీ ఆ పక్క ఉప్పుటేరులోనే. చిరిగిన వలను కూడా అక్కడే వదిలేయకండి. అది మునిగినా చేపలను పడుతూనే ఉంటుంది, ఓడ ప్రొపెల్లరుకు కూడా చుట్టుకుంటుంది.

కొలంబో దగ్గర ఏం జరిగింది

2021 మేలో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే కొత్త కంటెయినర్ ఓడలో నైట్రిక్ యాసిడ్ ఉన్న పెట్టె ఒకటి కారడం మొదలైంది. దాన్ని దించుకోమని ఖతర్‌లోని హమద్ రేవును అడిగారు, గుజరాత్‌లోని హజీరాను అడిగారు. మా దగ్గర వసతి లేదని రెండూ కాదన్నాయి. కారుతున్న పెట్టెతోనే ఓడ కొలంబో ముందుకు చేరింది. మే 20న నిప్పు కనబడింది. లోపల 1,486 పెట్టెలున్నాయి. మన కోస్ట్‌గార్డ్ ఓడలు పరుగున వెళ్లి శ్రీలంక వాళ్లతో కలిసి నీళ్లు, నురగ కొట్టాయి. జూన్ 2న ఓడ మునిగింది. దాదాపు 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలు సముద్రం పాలయ్యాయి. ఒడ్డున మోకాటి లోతు గుళికల మధ్య చనిపోయిన తాబేళ్లు కనబడ్డాయి. ఆ తీరంలో వేట ఆగిపోయింది. ఓడ ఏ దేశానిదో, సరుకు ఎవరిదో తెలియని జాలరి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

అంతకు ఎనిమిది నెలల ముందే, 2020 సెప్టెంబరులో, ఒడిశాలోని పారాదీప్‌కు 2,70,000 టన్నుల ముడి చమురు తెస్తున్న న్యూ డైమండ్ అనే ఓడ శ్రీలంకకు తూర్పున అంటుకుంది. ఆ చమురు సముద్రంలో కలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం. భారత్, శ్రీలంక మొదటి రోజు నుంచే చేతులు కలపడంతో మంట ఆరింది, ముడి చమురు నిలిచింది. ఈ రెండు ఓడల మధ్య తేడాను నేను మళ్లీ మళ్లీ తలుచుకుంటాను. ఒకదానికి సాయం మొదట్లోనే అందింది. రెండోదాన్ని మొదట్లో ఎవరూ దగ్గరికి రానివ్వలేదు, నిప్పు పుట్టాక అందరూ పరుగెత్తారు. కష్టంలో ఉన్న ఓడకు ఆశ్రయం ఎక్కడ ఇవ్వాలో ముందే ఆలోచించి పెట్టుకోమని అంతర్జాతీయ సముద్ర సంస్థ 2003లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్ ఈ సముద్రాలను కాపాడుకునే ప్రణాళికకు 1995లో ఢిల్లీలో ఒప్పుకున్నాయి. చమురు, రసాయనాలు ఒలికితే కలిసి పనిచేసే ఒప్పందానికి 2018లో మన కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మన వైపు నుంచి ఆ బాధ్యత కోస్ట్‌గార్డ్‌ది. ఇదంతా కదలాలంటే ఎవరో ఒకరు ముందు చూసి చెప్పాలి. చాలాసార్లు ముందు చూసేది వేటలో ఉన్న బోటే.

చమురు కనబడితే

నీటి మీద పడ్డ చమురు ప్రవాహంతో పాటు పోతుంది, దానికి తోడు గాలి వేగంలో నూటికి మూడు వంతుల వేగంతో గాలి దిక్కుకు జరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే గంటకు కిలోమీటరున్నర అన్నమాట. మన తీరం వెంట ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి నడుస్తుంది. తుపాను నెలల్లో విశాఖ దగ్గర ఒలికింది కాకినాడ వైపు, కోరింగ మడ అడవుల వైపు దిగుతుంది. మడచెట్టు వేళ్లకున్న రంధ్రాలతో ఊపిరి పీలుస్తుంది. వాటికి నూనె పూస్తే చెట్టు నిలబడే చచ్చిపోతుంది.

కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేయండి, సిగ్నల్ లేకపోతే 16వ చానల్‌లో చెప్పండి. జీపీఎస్ అంకెలు, టైము, గాలి దిక్కు, తెట్టు పొడవు, దగ్గర్లో ఓడ ఉంటే పేరు. రంగు తప్పక చెప్పండి. యూరప్‌లో ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న దేశాలు రంగును బట్టి మందం అంచనా కట్టే పట్టికను ఒప్పుకుని వాడుతున్నాయి. వెండిలా మెరిస్తే బాగా పలుచన, ఇంద్రధనుస్సులా ఉంటే కొంచెం ఎక్కువ, లోహంలా ఉంటే ఇంకా మందం, నల్లగానో గోధుమరంగులోనో ఉంటే దట్టం. ఈ ఒక్క మాటతో ఎన్ని ఓడలు పంపాలో వాళ్లకు తెలుస్తుంది. తెట్టులోంచి వల లాగకండి. సబ్బు నీళ్లు, సర్ఫు చల్లకండి. అలా చల్లితే నూనె మాయమైనట్టు కనబడుతుంది, నిజానికి నీళ్లలో కలిసి చేపకు విషమవుతుంది.

2017 జనవరి 28న చెన్నై దగ్గరి ఎన్నూరు ముందు రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు మొదట వచ్చిన కబురు పెద్ద నష్టం లేదని. రెండు మూడు రోజులకే నల్లటి జిగురు రాళ్లకు పట్టింది. జాలర్లు, కాలేజీ పిల్లలు బకెట్లతో ఎత్తి పోశారు. అందుకే చెబుతున్నాను, "కొంచెమేలే" అని ఊరుకోకండి.

ఒడ్డుకు కొట్టుకొచ్చినవి

2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడలో 640 కంటెయినర్లున్నాయి. వాటిలో 12 కాల్షియం కార్బైడ్‌వి. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడే అది. నీళ్లు తగిలితే మండే వాయువు పుడుతుంది. కేరళలో జనాన్ని కంటెయినర్లకు కనీసం 200 మీటర్ల దూరంలో ఉండమని, 112కు ఫోన్ చేయమని చెప్పారు. మనమూ అదే పాటించాలి. పెట్టె తెరిచి చూడటం, పీపా దొర్లించి ఇంటికి తేవడం, పక్కన బీడీ వెలిగించడం, ఏదీ వద్దు. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, తుపాను మర్నాడు ఇసుక మీదికి మొదట పరుగెత్తేది వాళ్లే.

సగ్గుబియ్యంలాంటి తెల్లటి గుళికలు కనబడితే అవి ప్లాస్టిక్. చేతులకు తొడుగులు వేసుకుని జల్లెడ పట్టి సంచుల్లో నింపి అధికారులకు ఇవ్వాలి. తగలబెట్టొద్దు, గొయ్యి తీసి పూడ్చొద్దు. కాళ్లకు తారు ముద్ద అంటుకుంటే కిరోసిన్, పెట్రోలు రుద్దకండి, వంటనూనె రాసి గుడ్డతో తుడిస్తే వదులుతుంది. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మీదికి ట్రాక్టర్లు, పారలు దించే ముందు అటవీశాఖ వాళ్లను పిలవండి.

ఇక ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. ఒక అట్ట మీద ఫోన్ నంబర్లు రాసి సరంగు గదిలో వేలాడదీయండి. పైన 1554. దాని కింద మన తీరంలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఊరికొక బోటు యజమాని నంబరు, పూడిమడక, ఉప్పాడ, భైరవపాలెం, అంతర్వేది, గిలకలదిండి, నిజాంపట్నం వరసలో. తెట్టు చూసినా, లంగరు జారుతున్న ఓడను చూసినా కోస్ట్‌గార్డ్‌కు చెప్పిన వెంటనే మీ కింద ఉన్న ఊరికి చెప్పండి. వాళ్లు వలలు ఎత్తేసుకోవడానికి, ఉప్పుటేరు మొగ మూసుకోవడానికి ఒక పూట దొరుకుతుంది. ఫిబ్రవరి వచ్చాక అదే అట్టను కింది నుంచి పైకి చదవాలి.