గాలించే రోబో, 3వ పాఠం: చింతపిక్కల లెక్క

పోయిన పాఠంలో డ్రోను తీసిన ఫోటోలన్నీ కలిపి పటం తయారు చేశాం. ఆ పటం మీద ముందు ఎక్కడ వెతకాలో రోబో తనంతట తాను ఎలా తేల్చుకుంటుందో ఈసారి నేర్చుకుందాం. కంప్యూటర్ అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, వంద చింతపిక్కలు చాలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశాలోని మా గజపతి జిల్లానీ వదల్లేదు. మర్నాడు పర్లాకిమిడి అవతల మా చుట్టాల ఊళ్లో ఒక తాత కనబడలేదు. పశువుల్ని చూసొస్తానని వెళ్లాడట. పదిమందిమి జీడితోటలోకి దిగాం. చెట్లు వేళ్లతో సహా పడిపోయి, కొమ్మ మీద కొమ్మ, అడుగు తీసి అడుగు వేయలేం. గంటసేపు కేకలేసి బయటికొచ్చి, "తోటంతా చూసేశాం, లేడు" అని చెప్పాం. ఆ మాట నమ్మి అందరూ గెడ్డ (వాగు) వైపు వెళ్లారు. తెల్లారాక తాత ఆ తోటలోనే, పడిన చెట్టు కింద దొరికాడు. కాలు విరిగింది కానీ ప్రాణం ఉంది. మేం చెప్పిన ఆ ఒక్క మాటకి ఆయన రాత్రంతా అక్కడే పడున్నాడు. నేను ఈ చదువులోకి వచ్చింది అందుకే.

ఇప్పుడు కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: గెడ్డ గట్టు, జీడితోట, వరిపొలం, కొండరాళ్లు. నాలుగింటి వైశాల్యం ఒకటే అనుకుందాం. తప్పిపోయిన మనిషి ఎక్కడ ఉండొచ్చో ఇంట్లోవాళ్లని, పశువుల కాపర్లని అడిగి పిక్కలు పంచండి. ఒక్కొక్కరినీ విడిగా అడిగి సగటు తీయండి. గుంపుగా అడిగితే గొంతు పెద్దగా ఉన్నవాడి లెక్కే మిగులుతుంది. మనకి గెడ్డకు 40, తోటకు 30, పొలానికి 20, రాళ్లకు 10 వచ్చాయనుకోండి.

తర్వాత రెండో అంకె. మనిషి నిజంగా ఆ గడిలోనే ఉంటే, ఒక్కసారి చూసినప్పుడు డ్రోను కంట పడే అవకాశం ఎంత? ఒంటి వేడిని పట్టే థర్మల్ కెమెరా ఆకుల్ని దాటి చూడలేదు. అందుకే పొలంలో పదికి 8, గెడ్డ గట్టున 5, తోటలో 3 వేద్దాం. రాళ్లకు 5 వేయొచ్చు, అదీ తెల్లవారుజామున ఎగరేస్తేనే. ఎండెక్కాక రాళ్లే కాలిపోయి మనిషి వేడిని కప్పేస్తాయి.

రెండూ గుణిస్తే గెడ్డకు 20, పొలానికి 16, తోటకు 9, రాళ్లకు 5. ముందు గెడ్డకే పంపాలి.

వెళ్లింది, కనబడలేదు. అసలు పాఠం ఇక్కడుంది. గెడ్డ గడి ఖాళీ చేయకండి. పదికి 5 కాబట్టి 40 పిక్కల్లో 20 మాత్రమే తీసేయండి. ఇప్పుడు గెడ్డ విలువ 10, పొలానిది 16. రెండో విడత పొలం. అక్కడా లేడంటే 20లో 16 తీయాలి, 4 మిగులుతాయి. మూడో విడత మళ్లీ గెడ్డ, ఇంకో 10 పోతాయి. కాగితం మీద ఇప్పుడు 54 పిక్కలున్నాయి, వాటిలో 30 జీడితోటలో. తోట వైపు ఇంకా ఎవరూ చూడలేదు, అయినా దాని వాటా సగం దాటింది.

ఒక జాగ్రత్త. రెండోసారి చూసేటప్పుడు డ్రోను దారి, ఎత్తు మార్చండి. అదే కోణంలో చూస్తే అదే కొమ్మ అడ్డొస్తుంది, అప్పుడు మళ్లీ సగం తీసేసే హక్కు మనకి లేదు.

ఇదే లెక్క సముద్రం అడుగునా పనిచేసింది. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్‌లో కూలింది. బ్లాక్ బాక్సుల సిగ్నల్ కోసం ఓడలు గాలించాయి, ఏమీ వినపడలేదు. అందుకని ఆ ప్రాంతం మీద ఆశ బాగా తగ్గిపోయింది. 2011లో ఇలాంటి గాలింపు లెక్కల నిపుణుడు లారెన్స్ స్టోన్ బృందం మళ్లీ లెక్క వేస్తూ, అసలు ఆ రెండు సిగ్నల్ పరికరాలూ పనిచేయకపోయి ఉంటే, అని అడిగింది. అంటే పిక్కలు ఎక్కువ తీసేశారన్నమాట. వాటిని తిరిగి వేస్తే బరువంతా విమానం చివరిసారి ఎక్కడున్నట్టు తెలిసిందో ఆ చుట్టుపక్కలకే వచ్చింది. ఆ ఏప్రిల్ 3న, సుమారు 3,900 మీటర్ల లోతున, రెమస్ 6000 అనే స్వయంచాలిత జలాంతర రోబోలు శకలాలను కనిపెట్టాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా జీడితోటే గుర్తొచ్చింది.

ఇంటిపని: మనుషుల జట్టు కొమ్మలు ఎత్తి చూస్తే తోటలో కనిపెట్టే అవకాశం పదికి 8, కానీ డ్రోనుకు పట్టే సమయానికి రెట్టింపు పడుతుంది. గుణించి వచ్చినదాన్ని సమయంతో భాగించండి. డ్రోను, జట్టు ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తాయనుకుని, మొదటి నాలుగు విడతల వరుస మళ్లీ రాయండి. 4వ పాఠం ఆ వరుసతోనే మొదలవుతుంది. డ్రోను బ్యాటరీ అయిపోయేలోపు గడి నుంచి గడికి దారి ఎలా వేయాలో అందులో చూద్దాం.